ఐదింటికి ప్రార్థన, పదకొండింటికి అబద్ధం

ప్రశ్న:

అక్కా, వందనాలు. నాకు 36 ఏళ్లు. ఉప్పల్‌లో చిన్న మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. ఆరేళ్ల కిందట రక్షణ పొంది బాప్తిస్మం తీసుకున్నాను. అంతకుముందు రోజూ తాగేవాణ్ణి. అది ఒక్కసారిగా పోయింది, మళ్లీ ముట్టలేదు. మొదటి రెండేళ్లూ నాలో వచ్చిన మార్పు చూసి చుట్టాలే ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత ఎక్కడ ఆగిపోయానో తెలియడం లేదు. పొద్దున ఐదింటికి లేచి ప్రార్థన చేస్తాను, వాక్యం చదువుతాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన తప్పను. ఆదివారం పాటల టీములో ఉంటాను. షాపు షట్టర్ ఎత్తగానే కూడా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాను. కానీ గంట గడిచేసరికి వేరే మనిషినైపోతాను. కోఠి నుంచి తెచ్చిన కాపీ డిస్‌ప్లే వేసి ఒరిజినల్ అని చెబుతాను. ఇక్కడ అందరూ చేసేది అదే, లేకపోతే గిట్టుబాటు కాదు. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడి మీద ఊరికే అరుస్తాను. పోయిన నెల కస్టమర్ ముందే వాడు ‘అన్నా, ఇది కాపీ కదా’ అన్నాడు. కస్టమర్ వెళ్లాక వాణ్ణి కొట్టాను. ఇంట్లోనూ అదే కోపం. మా ఆవిడ ‘మీ ప్రార్థన దారి దానిది, మీ నోటి దారి దానిది’ అంటుంది. నాన్న కట్టిన ఇంటి వాటా గురించి మా తమ్ముడితో ఏడాదిగా మాటల్లేవు. ఏటా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఏడ్చి తీర్మానాలు చేసుకుంటాను, అవి సంక్రాంతి దాకా కూడా నిలవవు. ఒక బ్రదర్ నాకు ఆత్మాభిషేకం కావాలంటాడు. ఇంకొకాయన విశ్వాసం చాలదంటాడు. ఆత్మీయంగా ఎదగాలంటే నేను ఇంకా ఏం చేయాలి? అసలు నా రక్షణ నిజమేనా?

— ఒక సోదరుడు, ఉప్పల్

జవాబు:

తమ్ముడూ, వందనాలు.

ముందు మీ చివరి ప్రశ్న చూద్దాం. అది తేలకపోతే మిగతాదేదీ మీ చెవికెక్కదు. దేవుని ఎదుట మనం నీతిమంతులుగా తీర్చబడేది క్రీస్తు మీద విశ్వాసం వల్ల. రోమా పత్రిక ఐదో అధ్యాయం మొదటి వచనం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. మన ఎదుగుదలకు మార్కులు వేసి, వాటిని బట్టి దేవుడు మనల్ని ఉంచుకోవడమో తీసేయడమో చేయడు. మీలో మంచిపని మొదలుపెట్టినవాడు దాన్ని కొనసాగిస్తాడని పౌలు ఫిలిప్పీ సంఘానికి రాశాడు. ఆ సంఘం ఏమంత సాఫీగా నడుస్తున్న సంఘం కాదు. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పడక, ఏకమనస్సుతో ఉండండని అదే పత్రికలో పేరు పెట్టి మరీ బతిమాలాడు. అలాంటివాళ్లకే ఆ మాట ఇచ్చాడు. తాగుడు మానడం మీ సొంత బలంతో జరగలేదని మీకే బాగా తెలుసు. ఆ పని చేసినవాడు మిమ్మల్ని మధ్యలో వదిలేసి ఎక్కడికీ పోలేదు.

ఈ మాట పట్టుకుని హాయిగా పడుకోమని మాత్రం చెప్పను. మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగాను. ‘ఇక్కడ అందరూ చేసేది అదే, లేకపోతే గిట్టుబాటు కాదు’ అన్నారు. కోపం గురించి రాసినప్పుడు మీ మాటల్లో బాధ ఉంది. మీ తమ్ముడి గురించి రాసినప్పుడు బాధ ఉంది. ఆ అబ్బాయిని కొట్టానని రాసినప్పుడు సిగ్గు కూడా ఉంది. ఈ ఒక్కచోట మాత్రం బాధ లేదు, సంజాయిషీ ఉంది. మీరు ఆగిపోయింది ఇక్కడేనని నా నమ్మకం.

నీళ్లలో పడిన ఫోన్ ఎవరైనా తెస్తే మీరు పైపైన తుడిచి ఇచ్చేయరు కదా. వెనక మూత తీసి బోర్డు దాకా చూస్తారు. మీ కోపాన్ని కూడా అలాగే విప్పి చూడండి. అది షాపులో ఎవరి మీద పడుతోంది? గంటసేపు బేరమాడి చివరికి ఏమీ చేయించకుండా వెళ్లిపోయే కస్టమర్ మీద పడుతున్నట్టు మీరు రాయలేదు. ఆ అబ్బాయి మీదే పడుతోంది. షాపులో మీరు చెప్పే అబద్ధం తెలిసినవాడు అతనొక్కడే. ‘ఒరిజినల్ సార్, గ్యారంటీ’ అని మీరు అంటుంటే అతను పక్కనే స్క్రూడ్రైవర్ పట్టుకుని తల వంచుకుని వింటుంటాడు. పొద్దున మీరు షట్టర్ ఎత్తి కళ్లు మూసుకోవడం కూడా అతను చూసే ఉంటాడు. రెండూ చూసిన మనిషిని రోజంతా ఎదురుగా పెట్టుకుని పనిచేయడం ఎవరికైనా కష్టమే. అతని చెయ్యి జారి చిన్న స్క్రూ కింద పడినా మీకు ఒళ్లు మండుతుంది. మండేది స్క్రూ పోయినందుకని మీరు అనుకుంటారు.

పోయిన నెల అతను చేసిందేమిటి? ఉన్నమాట అన్నాడు. అందుకు దెబ్బ తిన్నాడు. మెత్తగా చెప్పి పక్కకు తప్పుకుంటే మీకు మేలు జరగదు కాబట్టి సూటిగానే రాస్తున్నాను. ‘దేవా, నా కోపం తీసేయి’ అని పొద్దున ఐదింటికి ఎంత ప్రార్థించినా పదకొండింటికల్లా అది మళ్లీ వచ్చి కూర్చోవడానికి కారణం ఇదేననిపిస్తోంది. దానికి మేత దొరుకుతూనే ఉంది.

అబద్ధం వెనక ఇంకా లోపలికి వెళ్తే భయం ఉంటుంది. నిజం చెబితే కస్టమర్ పక్క షాపుకు పోతాడు, అద్దె కట్టలేను, ఇల్లు గడవదు అనే భయం. ఇది మీ ఒక్కరిదీ కాదు. యేసు శిష్యుడైన పేతురును చూడండి. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగితే ఆయన యేసును ఎరగనన్నాడు. ఈ సంగతి మనం ప్రతి శుభశుక్రవారానికీ వింటాం. గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉన్నది అంత తరచుగా వినం. అప్పటికి పెంతెకొస్తు, అంటే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజు, జరిగిపోయింది. కొర్నేలీ అనే రోమా శతాధిపతి ఇంట్లో అన్యజనుల మీదికి, అంటే యూదులు కానివాళ్ల మీదికి, పరిశుద్ధాత్మ దిగిరావడం పేతురు కళ్లారా చూశాడు. అదంతా అయ్యాక అంతియొకయలో, అప్పటిదాకా అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్నవాడు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు రాగానే వాళ్లకు భయపడి వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. చలిమంట దగ్గర ఉన్న భయమే భోజనం దగ్గరా ఉంది: ఎదుటివాళ్లు ఏమనుకుంటారో, ఏం చేస్తారోనని. అంతటి అపొస్తలుడిలోనే పాత బలహీనత కొన్నేళ్ల తర్వాత ఇంకో రూపంలో పైకి తేలింది. ఆయన రక్షణ అబద్ధమని పౌలు అనలేదు. పెద్దాయన కదా అని చూసీచూడనట్టు ఊరుకోనూ లేదు. నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఈ రెంటి మధ్యే ఉంది.

‘ఇంకా ఏం చేయాలి’ అన్నారు. కొత్తగా ఏదీ కలపకండి. మీ వారంలో ప్రార్థనకు లోటు లేదు. ఇంకో ఇరవై ఒక్క రోజుల ఉపవాసమో, కొత్త బైబిల్ పఠన పట్టికో, ఇంకో మీటింగో మొదలుపెట్టొద్దు. మన హైదరాబాద్‌లో ఏ వారం చూసినా ఏదో ఒక మైదానంలో సువార్త మహాసభ ఉంటుంది, ఫ్లైఓవర్ స్తంభాల మీద పోస్టర్లు ఉంటాయి. వాటిలో తప్పు లేదు. నేనూ వెళ్తాను. కానీ మార్పు కోసం ఒక సభ నుంచి ఇంకో సభకు తిరిగేవాళ్లను చాలామందిని చూశాను. అక్కడ కన్నీళ్లు పెట్టుకుంటారు, తేలికపడతారు, తిరిగొస్తారు. మారాల్సిన చోటు మాత్రం వాళ్ల షాపులోనో ఆఫీసులోనో వంటింట్లోనో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మీ డిసెంబరు 31 తీర్మానాలు నిలవకపోవడానికి కూడా ఇదే కారణం. ‘ఇకనుంచి మంచిగా ఉంటాను’ అనేది తీర్మానం కాదు తమ్ముడూ, కోరిక. జనవరి 2న షాపు తెరిచాక మొదటి కస్టమర్‌తో ఏం చెప్పాలో ఆ రాత్రి మీరు నిర్ణయించుకోలేదు.

కాబట్టి ఐదింటి ప్రార్థన అలాగే ఉంచి, అందులో అడిగేది మార్చండి. ‘ప్రభువా, ఇవాళ డిస్‌ప్లే పగిలి వచ్చే మొదటి మనిషికి నిజం చెప్పే ధైర్యం ఇవ్వు.’ ఇంతే.

ఇక పని సంగతి. మీ అబద్ధం కౌంటర్ దగ్గర పుట్టడం లేదు, కోఠిలో పుడుతోంది. మీరు ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, సుల్తాన్ బజార్‌లో దిగేవారైతే ఆ దారిలో ఉండగానే మీ చేతిలో స్పేర్ల లిస్టు ఉంటుంది. అందులో అన్నీ కాపీ డిస్‌ప్లేలే ఉంటే నిజం చెప్పే వీలు మీకు మీరే లేకుండా చేసుకున్నట్టు. కస్టమర్ ఒరిజినల్ అడుగుతాడు, మీ దగ్గర అది లేదు, ఉన్నది అమ్ముడుపోవాలి. ఇంకప్పుడు నోట్లో నుంచి ఏం వస్తుంది? మీ మారుమనస్సు ఆ లిస్టు రాసేటప్పుడే మొదలవ్వాలి. మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే నాలుగైదు మోడళ్లకు రెండు రకాలూ తెచ్చుకోండి. అంత పెట్టుబడి లేకపోతే, ఒరిజినల్ కావాలన్నవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకుని మర్నాడు తెచ్చి వేస్తానని చెప్పండి. కొందరు ఆగరు, వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి, లేకపోతే రేపటి నుంచి మీరు ఇంకో టెన్షన్ పెట్టుకుంటారు. కాపీ ప్యానెల్‌ను కాపీ అని చెప్పి వేయడం పాపం కాదు. కంపెనీ పేరు దొంగగా ముద్రించిన నకిలీ సరుకు సంగతి వేరు, దాన్ని ముట్టకండి. మామూలు కాపీ మాత్రం చాలామందికి అవసరం. ఫోన్ పగిలితే ఆ రోజు సంపాదనే పోయే డెలివరీ కుర్రాడి దగ్గర నాలుగు వేలు ఉండవు. వాళ్లకు తక్కువలో ఫోన్ బాగుచేసి ఇవ్వడం సాయమే. వెలుతురు కాస్త తక్కువ ఉంటుందని, ఎండలో సరిగ్గా కనబడకపోవచ్చని, తెర మీద వేలు పెట్టి తెరిచే ఫోనైతే ఆ వేలిముద్ర పనిచేయకపోవచ్చని ముందే చెప్పండి. గోడ మీద ధరల బోర్డు పెట్టండి, ఒరిజినల్‌కు ఒక వరస, కాపీకి ఒక వరస. బిల్లు మీద ఏది వేశారో మీ చేత్తోనే రాసివ్వండి. కాగితం మీద రాశాక మాట మార్చడం మీకూ కష్టమవుతుంది. ‘దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము’ అని సామెతలు 11:1లో ఉంది. గుడిలో అర్పించే బలుల గురించి అంత పట్టింపు ఉన్న దేవుడికి కొట్లో తూకపు రాయి గురించి కూడా అంతే పట్టింపు ఉంది. ఆ వచనం మీకోసమే, మీ కౌంటర్ కోసమే.

తర్వాత ఆ అబ్బాయి. అతనికి క్షమాపణ చెప్పాలి, ఈ వారంలోనే. ఎలా చెప్పాలో కూడా రాస్తాను, ఎందుకంటే మనలో చాలామందికి అది రాదు, ముఖ్యంగా మనకంటే చిన్నవాళ్లకు. ‘ఏదో కోపంలో అలా అయిపోయింది, నువ్వు కూడా కస్టమర్ ముందు అలా అనకూడదు కదా’ అంటే అది క్షమాపణ కాదు, ఇంకోసారి తిట్టడం. రోడ్డు మీద టీ తాగుతూ నవ్వుతూ అనేస్తే కూడా కుదరదు. అతను పని చేసే కుర్చీ పక్కన కూర్చుని, అతని ముఖం చూసి చెప్పండి: ‘ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. అబద్ధం చెప్పింది నేను. నిన్ను కొట్టడం నా తప్పు. ఇకమీదట కాపీని కాపీ అనే చెబుతాం. నేను మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్యి.’ అతను ఇబ్బందిపడి ‘పర్లేదన్నా’ అంటాడు. ఆ మాట విని తేలిగ్గా తీసుకోకండి. రేపు నిజంగా అతను గుర్తుచేసినప్పుడు మీ ముఖం ఎలా ఉంటుందో అతను అప్పుడు చూస్తాడు.

ఆ అబ్బాయి ఏ మతంవాడో మీరు రాయలేదు. ఎవరైనా కావచ్చు. క్రీస్తు గురించి అతనికి తెలిసిందల్లా మీ షాపులో చూసిందే అయి ఉండవచ్చు.

ఇప్పటిదాకా అబద్ధం చెప్పి తీసుకున్న డబ్బు సంగతి మీరు అడగలేదు, కానీ నేను వదిలేయలేను. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు వెళ్లినప్పుడు డబ్బు గురించి ఆయన ప్రసంగం చేసినట్టు లూకా సువార్తలో ఎక్కడా లేదు. జక్కయ్యే లేచి, ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ మాట విన్నాకే యేసు ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందన్నాడు. డబ్బు ఇచ్చి రక్షణ కొన్నాడని అర్థం కాదు. లోపలికి వచ్చిన రక్షణ ముందుగా లెక్కల పుస్తకంలో కనబడింది. లేవీయకాండం ఆరో అధ్యాయంలో అయితే మోసం చేసి తీసుకున్న దాన్ని అసలుతో పాటు ఐదోవంతు కలిపి ఇవ్వాలని ఉంది. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో, తీసుకోవాల్సిన మనిషి గానీ అతని బంధువు గానీ లేకపోతే ఏం చేయాలో కూడా ఉంది, అది యెహోవాకు చెందుతుంది. దేవుడు ఇంత వివరంగా చెప్పిన విషయం చిన్నదెలా అవుతుంది?

రిపేరుకు ఇచ్చినప్పుడు కస్టమర్ నంబరు రాసుకుంటారు కదా. ఆ పుస్తకం తీయండి. గుర్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టండి. ‘మీకు ఒరిజినల్ అని చెప్పి కాపీ వేశాను. తేడా డబ్బు తిరిగి ఇస్తాను, లేదా అసలుది వేసి ఇస్తాను, మీ ఇష్టం’ అని ఫోన్ చేయండి. మొదటి ఫోన్‌కు చేతులు వణుకుతాయి. కొందరు తిడతారు, అది మీరు పడాల్సిందే. దొరకనివాళ్ల వాటా ఒక బీద పిల్లాడి ఫీజుకో, ఆసుపత్రిలో ఉన్నవాళ్ల మందులకో చేరనివ్వండి. దాన్ని మీ దశమభాగంలో కలిపేయకండి, అది మీ డబ్బు కాదు. ఒక్కరోజులో అన్నీ తీర్చాలని ఇంటి సరుకులకు కూడా లేకుండా చేసుకోవద్దు, నెలకు కొంత చొప్పున పెట్టుకోండి. ఇదంతా వచ్చే ఆదివారమే సాక్ష్యంగా చెప్పొద్దని కూడా నా మనవి. పని పూర్తికాకముందే చప్పట్లు వస్తే పని అక్కడితో ఆగిపోతుంది.

పాత అలవాటు ఒక్క దెబ్బతో పోతుందని అనుకోకండి. తాగుడు అలా పోయింది కాబట్టి అన్నీ అలాగే పోతాయని మీరు ఎదురుచూస్తున్నారేమో. దేవుడు కొన్నింటిని ఒక్కరోజులో తీసేస్తాడు, కొన్నింటిని మన చేత రోజూ కొంచెం కొంచెం వదిలిపిస్తాడు. రెండోది తక్కువరకం మార్పు కాదు. 16వ శతాబ్దంలో యేసు సభ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లయోలా దీనికి ఒక పద్ధతి నేర్పాడు. విజయవాడ లయోలా కాలేజీకి ఉన్నది ఆయన పేరే. అన్ని లోపాలతో ఒకేసారి కుస్తీ పట్టకుండా ఒక్కదాన్ని ఎంచుకోమన్నాడు. పొద్దున లేవగానే దాని గురించి జాగ్రత్తపడాలని మనసులో అనుకోవాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఎన్నిసార్లు పడిపోయామో గుర్తుచేసుకుని ఒక గీత మీద అన్ని చుక్కలు పెట్టాలి. రాత్రి భోజనమయ్యాక ఇంకోసారి. నిన్నటికీ ఇవాళ్టికీ, పోయిన వారానికీ ఈ వారానికీ పోల్చి చూసుకోవాలి. పడిపోయిన క్షణంలోనే గుండె మీద చెయ్యి వేసుకుని బాధపడమన్నాడు, అది పదిమందిలో ఉన్నా ఎవరికీ తెలియకుండా చేయవచ్చు కాబట్టి.

మనది ప్రొటెస్టెంట్ సంఘం కదా, ఇదెందుకు అనుకోకండి. మీ బిల్లు పుస్తకం వెనక అట్ట మీద ఆ గీతలు గీయండి. ఎంచుకునే లోపం అబద్ధం. కోపం కాదు. ఈ రెంటిలో ఏది ముందు పోతే రెండోది బలహీనపడుతుందో పైన చెప్పాను. చుక్కలు ఎక్కువైన రోజు దేవుడు మిమ్మల్ని తక్కువ ప్రేమిస్తాడని భయపడొద్దు. ఆ కాగితం ఆయనకు చూపించి సాయం అడగడానికి పెట్టుకున్నది.

ఒంటరిగా ఇది చేయలేరు. ఇక్కడ మన సికింద్రాబాద్ వెస్లీ చర్చికి ఎవరి పేరుందో ఆ జాన్ వెస్లీ కాలంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పట్టణంలో వాళ్ల ప్రార్థన మందిరం మీద అప్పు ఉండేది. అది తీర్చడానికి విశ్వాసుల్ని పన్నెండేసి మంది గుంపులుగా చేసి, వారానికి తలా ఒక పెన్నీ వసూలు చేయడానికి గుంపుకొక నాయకుణ్ణి పెట్టారు. ఆ నాయకులు ఇంటింటికీ తిరుగుతుంటే ఎవరు తాగుతున్నారో, ఎవరు ఇంట్లో గొడవపడుతున్నారో బయటపడసాగింది. మనుషుల్ని దగ్గరగా చూసుకోవడానికి ఇదే సరైన దారని వెస్లీకి తోచింది. ఆ వసూలు గుంపులే తర్వాత వారం వారం కూర్చుని ఒకరి ఆత్మీయ స్థితి ఒకరు అడిగి తెలుసుకునే క్లాస్ మీటింగులయ్యాయి.

మీకు పన్నెండుమంది అక్కర్లేదు, ఇద్దరు చాలు. ఒకరైనా సొంతంగా చిన్న వ్యాపారం చేసేవాళ్లయితే మంచిది, అద్దె టెన్షన్ ఏమిటో వాళ్లకు తెలుస్తుంది. వారానికి అరగంట, షాపు మూశాక. ‘ఎలా ఉన్నావు బ్రదర్’, ‘దేవుని కృప’ అనే పలకరింపులతో ముగించకండి. ‘ఈ వారం ఎన్ని చుక్కలు?’ అని వాళ్లు అడగాలి, మీరు చెప్పాలి. అదే ప్రశ్న వాళ్లనూ మీరు అడగాలి, వాళ్ల లోపం ఏదైతే దాని గురించి. ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకొని ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేయమని యాకోబు రాసింది ఇలాంటి చోట్లే జరుగుతుంది. ఆ మాటలు అక్కడే ఉండాలి. ప్రార్థన విన్నపం అనే పేరుతో వాట్సాప్ గ్రూపులో పెట్టే మనిషిని దీనికి పిలవకండి, ఎంత భక్తిపరుడైనా సరే.

ఆత్మాభిషేకం గురించి చెప్పిన బ్రదర్ మాటను నేను తీసిపారేయను. ఆత్మ సాయం లేకుండా ఇందులో ఒక్కటీ జరగదు. అయితే ఆయన్ని ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం 18 దగ్గర మొదలుపెట్టి ఆపకుండా చదవమనండి. ఆత్మతో నిండి ఉండండని చెప్పిన పౌలు, వెంటనే పాటలు, కృతజ్ఞతాస్తుతులు అన్నాడు. అక్కడితో ఆగకుండా భార్యాభర్తల దగ్గరికి, పిల్లల దగ్గరికి, పనివాళ్ల దగ్గరికి, చివరికి యజమానుల దగ్గరికి వచ్చాడు. మీ పనివాళ్లను బెదిరించడం మానండి, మీకూ వాళ్లకూ యజమాని పరలోకంలో ఉన్నాడు అన్నాడు. ఆత్మతో నిండిన మనిషి గురించి మొదలైన మాట పనివాడితో ఎలా మాట్లాడాలనే దగ్గర ముగిసింది. విశ్వాసం చాలదన్న రెండో ఆయనకు నా జవాబు చిన్నది: నిజం చెప్పి కూడా అద్దె కట్టగలనని నమ్మడానికి మీకు ఇకమీదట కావలసినంత విశ్వాసం పనిపడుతుంది.

ఇంట్లో ఏమీ ప్రకటించకండి. మీ ఆవిడ చాలా తీర్మానాలు చూసి ఉంటారు. అరిచినరోజు మాత్రం, సూర్యుడు అస్తమించేలోపు కోపం పోవాలని ఉంది కాబట్టి, నిద్రపోయేలోపు ఆవిడ దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకోండి. ఎదుగుదల ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. నేను చూసే గుర్తు ఒకటుంది. పడిపోయాక తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోంది? ఇప్పుడు రెండు రోజులు మూతి బిగించుకుంటున్నారనుకుందాం. కొన్నాళ్లకు అది ఒక రాత్రి అవుతుంది. ఇంకొన్నాళ్లకు మాట సగంలో ఉండగానే నోరు ఆగుతుంది. దీర్ఘశాంతము, దయాళుత్వము, సాత్వికము అని గలతీ పత్రికలో రాసిన ఆత్మఫలాలన్నీ పక్కన ఇంకో మనిషి ఉంటేనే బయటపడేవి. ఐదింటి గదిలో ఒక్కరే ఉన్నప్పుడు మీకెలాగూ కోపం రాదు.

మీ తమ్ముడి విషయంలో వాటా ఎంతన్నది నేను చెప్పలేను. పిత్రార్జితంలో పాలు పంచమని అన్నతమ్ముల తగాదా తన ముందుకు తెచ్చిన మనిషికి యేసు కూడా వాటాలు వేసి ఇవ్వలేదు, లోభం గురించి జాగ్రత్తపడమన్నాడు. కాగితాలు మీ ఇద్దరికీ నమ్మకమున్న పెద్దమనిషికో వకీలుకో అప్పగించండి. మీరు వేరే రోజు ఫోన్ చేసి అతని ఆరోగ్యం, పిల్లల చదువు అడగండి, ఇంటి మాట ఎత్తకండి. అతను ఫోన్ పెట్టేయవచ్చు. ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి’ అని రోమా 12:18లో ఉంది. మీ చేతనైనంత మట్టుకు చేస్తే చాలు, అతని వంతు అతనిది.

ఇక డబ్బు. నిజం చెప్పడం మొదలుపెడితే దేవుడు వ్యాపారాన్ని రెండింతలు చేస్తాడని నేను మీకు మాట ఇవ్వను. అలా రాసి ఉన్న వాక్యం నాకు కనబడలేదు. మాట మీద నిలబడే షాపుకు జనం మెల్లగా వస్తారన్నది నేను చూసిన సంగతే, కానీ ఆ మెల్లగా అన్నది మూడు నెలలో ఏడాదో తెలియదు. బోర్డు పెట్టిన మొదటి నెల గల్లా తగ్గవచ్చు. అందుకని ముందే మీ ఆవిడతో కూర్చుని అద్దె, కరెంటు, ఇంటి ఖర్చు, ఫోన్ చేసి తిరిగి ఇచ్చేది, అన్నీ ఒక కాగితం మీద వేసుకోండి. ఏవి తగ్గించుకోవచ్చో ఆవిడనే అడగండి, మీకంటే ఆవిడకే బాగా తెలుస్తుంది. మరీ ఇబ్బందైతే మీ పాస్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ అబ్బాయి జీతంలో మాత్రం కోత పెట్టకండి, ఒకటో తారీఖునే ఇచ్చేయండి.